సగటు గాలిని ఎవరు పీలుస్తారు?

మొన్న సంక్రాంతి సెలవులకి అమ్మమ్మ వాళ్ళ ఊరు వెళ్ళాను. భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో మణుగూరు పక్కన. ఆ చుట్టుపక్కల భూమి లోపలి నీళ్ళు వేడిగా ఉంటాయని అక్కడ అందరికీ తెలుసు. పగిడేరు దగ్గర సింగరేణి వాళ్ళు ఆ వేడి నీళ్ళతో 20 కిలోవాట్ల చిన్న పైలట్ కరెంటు ప్లాంటు పెట్టారు. నేను ఏదో పెద్ద ఇంజనీర్ లాగా అమ్మమ్మకి దాని గురించి చెప్తున్నా. బొగ్గు కాల్చక్కర్లేదు, బూడిద ఉండదు, పొగ గొట్టం ఉండదు, పూర్తిగా క్లీన్ అని.

అమ్మమ్మ అంతా విని ఒకటే అడిగింది: "భూమిల నుంచి నీళ్ళు ఒక్కటే వస్తయా బిడ్డా? ఇంకేం రాదా?"

నా దగ్గర జవాబు లేదు. "ఏం రాదులే అమ్మమ్మా" అనేశాను. తర్వాత ఫోన్‌లో వెతికితే అది తప్పని తెలిసింది. ఆ సెమిస్టర్ మినీ ప్రాజెక్టుకి టాపిక్ కోసం ఎలాగూ తల బద్దలు కొట్టుకుంటున్నాను కాబట్టి దీన్నే తీసుకున్నాను. భూతాప విద్యుత్ కేంద్రం నుంచి వచ్చే వాయువు పక్క ఊరికి ఎంత చేరుతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టడం. ఈ వ్యాసంలో ఆ లెక్క ఎలా చేస్తారో, నేను ఎక్కడ తప్పు చేశానో చెప్తాను. మాది ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియమే. తెలుగులో తప్పులుంటే క్షమించండి, లెక్కలో తప్పులుంటే మాత్రం తిట్టండి.

ఆవిరితో పాటు వచ్చేది

పెద్ద భూతాప కేంద్రాల్లో ఎక్కువ భాగం పనిచేసే పద్ధతి ఇది. రెండు వేల మీటర్ల లోతు దాకా బావులు తవ్వుతారు. అడుగున నీళ్ళు 200 నుంచి 300 డిగ్రీల వేడిలో ఉంటాయి, కానీ పైనున్న ఒత్తిడి వల్ల మరగవు. పైకి వస్తున్న కొద్దీ ఒత్తిడి తగ్గి ఒక్కసారిగా ఆవిరైపోతాయి. మూత తీసిన ప్రెషర్ కుక్కర్‌ని ఊహించుకోండి. ఆ ఆవిరి టర్బైన్‌ని తిప్పుతుంది. తర్వాత కండెన్సర్‌లో చల్లబడి మళ్ళీ నీరవుతుంది.

కానీ ఆవిరి ఒంటరిగా రాదు. రాళ్ళలోంచి, ఇంకా కిందున్న శిలాద్రవంలోంచి కొన్ని వాయువులు కలిసి వస్తాయి. ముఖ్యంగా కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ సల్ఫైడ్. ఇవి మొత్తం ఆవిరిలో చాలా చోట్ల ఒకటి రెండు శాతం కూడా ఉండవు. కానీ కండెన్సర్‌లో ఆవిరి నీరైపోయినా ఇవి వాయువులుగానే మిగిలిపోతాయి. అలాగే వదిలేస్తే పేరుకుపోయి టర్బైన్ పనిని దెబ్బతీస్తాయి. అందుకని పంపులతో లాగి బయటికి పంపేస్తారు. చాలా చోట్ల కూలింగ్ టవర్ మీద నుంచే గాల్లోకి వదులుతారు.

హైడ్రోజన్ సల్ఫైడ్ అంటే ఇంటర్ కెమిస్ట్రీ ల్యాబ్‌లో కిప్ ఉపకరణం దగ్గర వచ్చే కుళ్ళిన కోడిగుడ్డు వాసనే. ఇది చాలా తక్కువ మోతాదులోనే ముక్కుకి తెలిసిపోతుంది. ఒక ఘనపు మీటరు గాలిలో 7 మైక్రోగ్రాములు దాటితే జనం వాసన గురించి ఇబ్బంది పడతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఇక్కడి నుంచి నేను ఒట్టి అంకె రాస్తే ఘనపు మీటరుకి అన్ని మైక్రోగ్రాములు అనుకోండి.

ఆరోగ్యం కోసం అదే సంస్థ ఇచ్చిన హద్దు 150, అది 24 గంటల సగటుకి. ప్రాణం తీసే మోతాదు దీనికి వేల రెట్లు పైన ఉంటుంది, అది ప్లాంటు లోపల పనిచేసేవాళ్ళ భద్రతకి సంబంధించిన విషయం. ఊళ్ళోవాళ్ళ సమస్య వేరు. తక్కువ మోతాదులో, ఏళ్ళ తరబడి, చెప్పాపెట్టకుండా వచ్చే వాసన.

ఐస్‌లాండ్ కథ

ఈ విషయం బాగా చదువుకోడానికి ఐస్‌లాండ్‌ని మించిన చోటు లేదు. ఆ దేశంలో పదింట తొమ్మిది ఇళ్ళని వెచ్చగా ఉంచేది భూమి వేడే. రాజధాని రేక్యావిక్‌కి తూర్పు ఆగ్నేయంగా సుమారు 30 కిలోమీటర్ల దూరంలో, హెంగిల్ అనే అగ్నిపర్వతం పక్కన హెల్లిస్‌హేది కేంద్రం ఉంది. 2006లో మొదలైంది. ఇప్పుడు 303 మెగావాట్లు. ప్రపంచంలోని పెద్ద భూతాప కేంద్రాల్లో ఒకటి.

అది వచ్చాక రేక్యావిక్ గాలిలో హైడ్రోజన్ సల్ఫైడ్ పెరిగింది. వెండి సామాను నల్లబడ్డానికి కారణమయ్యే వాయువు ఇదే. 2012లో వచ్చిన ఒక పరిశోధనలో, నగర గాలిలో ఈ వాయువు పెరిగిన కొన్నాళ్ళకి ఆస్తమా మందుల వాడకం కొద్దిగా పెరిగినట్టు కనిపించింది. మరోవైపు న్యూజిలాండ్‌లో రోటొరువా అనే ఊరు ఉంది. అక్కడ నేలలోంచే ఈ వాయువు సహజంగా వస్తుంటుంది. అక్కడి జనాన్ని పరీక్షిస్తే దీనివల్ల ఆస్తమా పెరిగినట్టు ఆధారం దొరకలేదు. కాబట్టి భయపెట్టడం నా ఉద్దేశం కాదు. కానీ ఊళ్ళోకి ఎప్పుడు, ఎంత వస్తోందో తెలియకుండా "ఏం కాదు" అనడం కూడా సైన్స్ కాదు. నేను అమ్మమ్మతో చేసింది అదే కదా.

ఒక్క ఫార్ములా, నాలుగు సంగతులు

గాలిలో వాయువు ఎలా వ్యాపిస్తుందో చెప్పే అతి పాత, అతి సులువైన మోడల్ పేరు గాసియన్ ప్లూమ్. ప్లూమ్ అంటే మూలం నుంచి బయల్దేరి గాలి వాలున సాగే పొగ. అగరుబత్తి వెలిగించి ఫ్యాన్ నెమ్మదిగా పెట్టండి. పొగ ఫ్యాన్ గాలి పోయే వైపు సాగుతూ, సాగే కొద్దీ వెడల్పవుతూ పలచబడుతుంది. అడ్డంగా కోసి చూస్తే మధ్యలో చిక్కగా, అంచుల్లో పలచగా ఉంటుంది. సగటున ఆ ఆకారం మనం ప్రాబబిలిటీ క్లాసులో చూసిన గంట ఆకారపు వంపే. గాసియన్ అన్న పేరు అందుకే.

ఫార్ములాని మాటల్లో చెప్తాను. నేల మీద గాఢత నాలుగింటి మీద ఆధారపడుతుంది.

మొదటిది, సెకనుకి ఎన్ని గ్రాములు వదులుతున్నారు. ఇది రెట్టింపైతే గాఢత రెట్టింపు.

రెండోది, గాలి వేగం. ఇది కింద, అంటే భాగహారంలో ఉంటుంది. గాలి రెండింతలైతే గాఢత సగం. వేగంగా పోయే గాలి అదే వాయువుని ఎక్కువ గాలిలో కలిపేస్తుంది.

మూడోది, పొగ అడ్డంగానూ నిలువుగానూ ఎంత వెడల్పయింది. ఈ రెండు వెడల్పులనీ సిగ్మాలు అంటారు. ఇవీ భాగహారంలోనే ఉంటాయి. దూరంతో పాటు పెరుగుతాయి. ఎంత వేగంగా పెరుగుతాయన్నది వాతావరణం చేతిలో ఉంది.

నాలుగోది, పొగ ఎంత ఎత్తులో ప్రయాణిస్తోంది. ఇక్కడ చిన్న అపోహ ఉంది. హైడ్రోజన్ సల్ఫైడ్ గాలి కన్నా కొంచెం బరువు, అణుభారం 34, గాలిది సగటున 29. కాబట్టి వెంటనే నేలకి దిగిపోతుందని నేనూ అనుకున్నాను. కానీ కూలింగ్ టవర్ నుంచి వచ్చేది వేడి తేమ గాలి, అందులో ఈ వాయువు అతి కొంచెం. మొత్తంగా ఆ గాలి తేలిక కాబట్టి ముందు పైకే లేస్తుంది. తర్వాత చల్లబడి ఏదో ఒక ఎత్తులో సాగుతుంది. ఫార్ములాలో వాడాల్సింది టవర్ ఎత్తు కాదు, ఈ ఎత్తు.

ఇంకొక్క చిన్న ట్రిక్ ఉంది. పొగ నేలని తాకితే లోపలికి పోదు, తిరిగి పైకి వస్తుంది. దీన్ని లెక్కలోకి తేవడానికి నేల కింద అద్దంలో ప్రతిబింబం లాగా ఇంకో టవర్ ఉన్నట్టు ఊహించి దాని పొగని కూడా కలుపుతారు. అంతే, పైథాన్‌లో ముప్పై లైన్లు. ఒక రాత్రిలో రాసేశాను.

పడమటి గాలి

హెల్లిస్‌హేది లాంటి ఒక ఊహా కేంద్రాన్ని పెట్టుకున్నాను. సెకనుకి 100 గ్రాముల హైడ్రోజన్ సల్ఫైడ్, పొగ ఎత్తు 50 మీటర్లు, కేంద్రానికి పడమరగా 10 కిలోమీటర్ల దూరంలో ఒక ఊహా పట్టణం. ఈ అంకెలు లెక్క కోసం నేను అనుకున్నవి, ఐస్‌లాండ్‌లో కొలిచినవి కావు.

రన్ చేస్తే పట్టణంలో ఎప్పుడూ సున్నానే. తూర్పు గాలి ఇచ్చినా సున్నా. ఎందుకో అర్థం కాలేదు. రెండ్రోజులు ఫార్ములాలో బ్రాకెట్లు లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాను.

అప్పటికి ఎండలు మొదలయ్యాయి. ఆదివారం అమ్మమ్మ ఫోన్ చేసి, "పడమటి గాలి మొదలైంది బిడ్డా, బయట తిరగకు" అంది. పడమటి గాలి అంటే పడమటికి పోయే గాలి కాదు, పడమర నుంచి వచ్చే గాలి. పుట్టినప్పటి నుంచీ వింటున్న మాటే. వాతావరణ శాస్త్రంలో కూడా అంతే. 90 డిగ్రీల గాలి అంటే తూర్పు నుంచి వచ్చేది. నా కోడ్ మాత్రం దాన్ని తూర్పుకి పోయే గాలిగా తీసుకుని, పొగనంతా పట్టణానికి వ్యతిరేక దిక్కుకి పంపిస్తోంది. 180 డిగ్రీలు కలిపాను. పట్టణంలో అంకెలు వచ్చాయి.

ఇది నాకు మాత్రమే వచ్చే బగ్ కాదని, గాలి డేటాతో పనిచేసే కొత్తవాళ్ళు చాలామంది చేసేదేనని తర్వాత తెలిసింది. భయపెట్టే సంగతేంటంటే, ప్రోగ్రామ్ క్రాష్ అవ్వలేదు. ఎర్రర్ చూపించలేదు. "సున్నా, అంతా క్షేమం" అని నమ్మకంగా చెప్పింది.

ఆకుపచ్చ రంగు

బగ్ తీశాక అసలు లెక్క. సంవత్సరం సగటు గాలి సెకనుకి 8 మీటర్లు అనుకున్నాను, ఐస్‌లాండ్ గాలుల దేశం కాబట్టి. వాతావరణం మధ్యస్థం. అప్పుడు తూర్పు గాలి వీచేటప్పుడు పట్టణంలో గాఢత సుమారు 44 వచ్చింది. ఏడాదిలో ఐదో వంతు సమయం మాత్రమే గాలి అటు వీస్తుందనుకుంటే సగటు 9. ఐస్‌లాండ్ 2010లో పెట్టుకున్న హద్దు 24 గంటలకి 50. నా 9 దానికి చాలా కింద ఉంది. మ్యాప్ మీద పట్టణానికి ఆకుపచ్చ రంగు వేసి, కింద "సురక్షితం" అని రాసి రివ్యూకి తీసుకెళ్ళాను.

మా సార్ స్లైడ్ చూసి అడిగారు: "సగటు గాలిని పీల్చే మనిషి ఎవరమ్మా?"

అర్థం కాలేదు.

"ఆ ఊళ్ళో ఒక మనిషి ఒక రాత్రి కిటికీ తీసుకుని పడుకుంటాడు. ఆ రాత్రి గాలే కదా అతను పీల్చేది. నీ మోడల్‌లో ఆ రాత్రి ఎక్కడుంది?"

భోగి పొగ

హాస్టల్‌కి వచ్చి ఆ రాత్రిని వెతకడం మొదలుపెట్టాను. అది మన భోగి రోజు తెల్లవారుజాములో దొరికింది.

భోగి మంట వేసినప్పుడు పొగ ఎలా పోతుందో గుర్తు చేసుకోండి. కొంత పైకి లేచి, ఇంటి కప్పుల ఎత్తులో ఆగిపోయి, దుప్పటి కప్పినట్టు ఊరంతా అడ్డంగా పరుచుకుంటుంది. అదే మంట మధ్యాహ్నం వేస్తే పొగ పైపైకి పోయి కనిపించకుండా పోతుంది. మంట అదే, కట్టెలు అవే. మారింది గాలి.

మామూలుగా పగలు ఎండకి నేల వేడెక్కి, నేలనంటిన గాలి తేలికై పైకి లేస్తుంది, పైగాలి కిందికి వస్తుంది. ఆ కలయికలో పొగ పలచబడుతుంది. మబ్బు లేని చలి రాత్రి నేల త్వరగా చల్లబడుతుంది. దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి బరువెక్కుతుంది. పైన వెచ్చటి గాలి, కింద చల్లటి గాలి. చల్లటిది బరువు కాబట్టి లేవదు, కింద పడి ఉంటుంది. దీన్ని ఉష్ణోగ్రత విలోమం అంటారు, ఇంజనీర్లు ఇన్వర్షన్ అంటారు. గాలికి మూత పడిందన్నమాట.

1961లో పాస్క్విల్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఎండ, మబ్బు, గాలి వేగాలని బట్టి వాతావరణాన్ని ఆరు తరగతులుగా విడదీశాడు. ఏ అంటే బాగా కలిసిపోయే ఎండ పగలు. డి అంటే గాలీ మబ్బూ ఉన్న మధ్యస్థం. ఎఫ్ అంటే కదలని చలి రాత్రి. ఒక్కో తరగతికి సిగ్మాలు వేరు. నేను అన్నిటికీ డి వాడేశాను.

ఈసారి మూడు గంటలు విడివిడిగా లెక్కించాను. కేంద్రం అదే, సెకనుకి అదే 100 గ్రాములు, అదే 10 కిలోమీటర్లు. మూడింటిలోనూ గాలి పట్టణం వైపే.

ఎండ పగలు, బి తరగతి, గాలి 3 మీటర్లు: సుమారు 8.

మబ్బు పట్టిన గాలి రోజు, డి తరగతి, గాలి 8 మీటర్లు: సుమారు 44.

కదలని చలి రాత్రి, ఎఫ్ తరగతి, గాలి 2 మీటర్లు: సుమారు 640.

కేంద్రం ఒక్క గ్రాము కూడా ఎక్కువ వదల్లేదు. పట్టణంలో మాత్రం 8కి, 640కి 80 రెట్ల తేడా.

ఎత్తు సంగతి కూడా చూశాను. పొగ ఎత్తు 50కి బదులు సున్నా అని పెడితే, గాలి రోజున 44 కాస్తా 47 అవుతుంది, పెద్ద తేడా లేదు. చలి రాత్రి 640 మాత్రం 1400 అవుతుంది. గొట్టం ఎత్తు పెంచడం అన్ని రోజులకీ ఒకేలా పనిచేయదని దీన్నుంచి అర్థమైంది.

ఇప్పుడు అసలు విషయం. అలాంటి చలి గాలి పట్టణం వైపు ఒక రాత్రి 3 గంటలు మాత్రమే వీచిందనుకుందాం. మిగతా 21 గంటలు నా పాత సగటు 9. ఆ రోజు 24 గంటల సగటు 88. ఐస్‌లాండ్ హద్దు 50 దాటేసింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 150 మాత్రం దాటలేదు. అలాంటి రోజులు ఏడాదిలో 10 ఉన్నాయనుకుందాం. సంవత్సరం సగటు ఎంత? 11.

9 కాస్తా 11 అయింది, అంతే. ఏడాది సగటు చూసినవాడికి ఏమీ జరగలేదు. ఊళ్ళో ఉన్నవాడికి పది రాత్రులు కిటికీ మూసుకోవాల్సి వచ్చింది. నా ఆకుపచ్చ రంగు ఆ పది రాత్రుల మీదే వేశాను.

రేక్యావిక్‌లో కొలతలు చూసినవాళ్ళు చెప్పింది కూడా ఇదే. అక్కడ గాఢత ఎక్కువగా ఉన్న రోజులు తుఫాను రోజులు కావు. చలికాలం, తూర్పు నుంచి మెల్లటి గాలి, మబ్బు లేని ఆకాశం, ఇన్వర్షన్, ఇవన్నీ కలిసొచ్చిన రోజులు. ఎండ తక్కువగా ఉండే ఆ కాలంలో ఈ వాయువు గాల్లో విరిగిపోవడం కూడా నెమ్మదే.

నా ముప్పై లైన్లకి చేతకానివి

నా మోడల్ నిజమైన ఊరికి పనికిరాదు. ఎందుకో చెప్పడం నా బాధ్యత.

గాసియన్ ప్లూమ్ గాలి ఒకే దిక్కులో, ఒకే వేగంతో వీస్తూనే ఉందనుకుంటుంది. సెకనుకి 2 మీటర్ల గాలితో 30 కిలోమీటర్లు పోవడానికి నాలుగు గంటలకి పైనే పడుతుంది. నాలుగు గంటల్లో గాలి ఎన్నిసార్లు తిరుగుతుందో! గాలి పూర్తిగా ఆగిపోతే ఇంకా ఘోరం, వేగం భాగహారంలో ఉంది కాబట్టి సున్నాతో భాగించాల్సి వస్తుంది. కొండ అడ్డొస్తే ఏంచేయాలో కూడా దానికి తెలియదు.

అందుకే అసలు పనికి పెద్ద మోడళ్ళు వాడతారు. అమెరికాలో 2005 నుంచి అధికారికంగా వాడుతున్న ఏర్‌మోడ్ ఆరు తరగతుల బదులు నేల వేడినీ గాలి రాపిడినీ నేరుగా లెక్కలోకి తీసుకుంటుంది. కాల్‌పఫ్ అనే ఇంకొకటి పొగని ఒక తీగలా కాకుండా, ఒకదాని వెనక ఒకటి వదిలిన చిన్న చిన్న మబ్బుల్లా చూస్తుంది. గాలి తిరిగితే ప్రతి మబ్బూ తన దారిన తిరుగుతుంది. కొండలు, లోయలు ఉన్నచోట ముందు డబ్ల్యూఆర్ఎఫ్ లాంటి వాతావరణ మోడల్‌తో గాలినే లెక్కగట్టి, తర్వాత అందులో పొగని వదులుతారు.

ఎంత పెద్ద మోడల్ అయినా కొలతతో పోల్చాల్సిందే. ఇక్కడ నాకు నచ్చిన విషయం ఒకటుంది. ఈ రంగంలో మోడల్ అంకె కొలిచిన అంకెలో సగానికీ రెట్టింపుకీ మధ్య ఉంటే పర్లేదంటారు. మనం మెషీన్ లెర్నింగ్‌లో 98 శాతం ఆక్యురసీ రాలేదని ఏడుస్తాం. గాలి అంత సులువుగా లొంగదు. ఒక ఎక్కువ గాఢత గంటని మోడల్ సరిగ్గానే ఊహించి, దాన్ని రెండు గంటలు ఆలస్యంగా చూపిస్తే, గంటగంటకీ పోల్చేవాడికి రెండు చోట్లా తప్పే. అందుకని గంటలతో పాటు, మోడల్‌లో వచ్చిన అతి ఎక్కువ అంకెల జాబితానీ కొలతల్లో వచ్చిన అతి ఎక్కువ అంకెల జాబితానీ పక్కపక్కన పెట్టి చూస్తారు. ముందు చెడ్డ గంటలు ఎంత చెడ్డవో తేలాలి.

గోలీ సోడా పరిష్కారం

ఐస్‌లాండ్ ప్రభుత్వం 50 హద్దు పెట్టినప్పుడు మొదట్లో ఏడాదికి ఐదు రోజులు దాటడానికి ఒప్పుకుంది. 2014 మధ్య నుంచి ఒక్క రోజు కూడా దాటకూడదంది. గమనించారా, ఆ నియమం ఏడాది సగటు గురించి కాదు, చెడ్డ రోజుల లెక్క గురించి.

హెల్లిస్‌హేది దగ్గర దీనికి మంచి ఉపాయమే కనిపెట్టారు. ఆ వాయువులని నీళ్ళలో ఒత్తిడితో కరిగిస్తారు, మన గోలీ సోడాలో గ్యాస్ కరిగించినట్టు. ఆ నీటిని లోతున ఉన్న బసాల్ట్ రాతిలోకి పంపుతారు. అక్కడ హైడ్రోజన్ సల్ఫైడ్ రాతిలోని ఇనుముతో కలిసి పైరైట్ అవుతుంది, కార్బన్ డయాక్సైడ్ కాల్షియంతో కలిసి సున్నపు ఖనిజం అవుతుంది. 2012లో ప్రయోగాత్మకంగా పంపిన కార్బన్ డయాక్సైడ్‌లో 95 శాతానికి పైగా రెండేళ్ళలోపే రాయైపోయిందని 2016లో సైన్స్ పత్రికలో ప్రచురించారు. పెద్ద ఎత్తున 2014లో మొదలుపెట్టారు. తర్వాత విస్తరించి, కేంద్రం నుంచి వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌లో సుమారు నాలుగింట మూడు వంతులు ఇలా పట్టుకోగలిగారు.

మన దగ్గర

ఇప్పుడు ఇంటికి వద్దాం. మణుగూరులో పెట్టిన లాంటి చిన్న ప్లాంట్లు వేరే పద్ధతిలో పనిచేస్తాయి. వేడి నీరు తన వేడిని గొట్టం గోడ ద్వారా, తక్కువ వేడికే మరిగే ఇంకో ద్రవానికి ఇస్తుంది. టర్బైన్‌ని తిప్పేది ఆ రెండో ద్రవం ఆవిరి. అది మూసిన చుట్టులోనే తిరుగుతుంది. నీటిని కూడా మూసిన గొట్టాల్లోనే తెచ్చి మళ్ళీ భూమిలోకి పంపిస్తే వాయువు బయటికి వచ్చే దారి దాదాపు ఉండదు. ఆ నీటిని ఆరుబయట వదిలేస్తే మాత్రం అందులో కరిగి ఉన్నది గాల్లోకి రాక తప్పదు.

లడఖ్‌లో పూగా లోయలో భూతాప విద్యుత్ కోసం 2021లో ఓఎన్‌జీసీ ఒప్పందం చేసుకుంది, మొదటి దశ 1 మెగావాట్. సముద్రమట్టానికి 4400 మీటర్ల ఎత్తున్న చలి లోయ. రాత్రి చల్లగాలి కొండల మీద నుంచి జారి లోయ అడుగున చేరుతుంది. మూత పడటానికి అంతకన్నా మంచి చోటు ఉండదు. అక్కడ పశువులు మేపుకునే చాంగ్‌పా జనం ఉంటారు. వాళ్ళకి వచ్చే అంకె ఏ గంటదో ముందే అడగాలి.

ఇంకో సంగతి. 2009లో మన దేశం ప్రకటించిన జాతీయ గాలి నాణ్యతా ప్రమాణాల్లో 12 కాలుష్యాలు ఉన్నాయి. వాటిలో హైడ్రోజన్ సల్ఫైడ్ లేదు. అంటే రేపు ఎవరైనా నాలాగే ఒక మోడల్ రాసి 88 అని తేలిస్తే, దాన్ని ఎరుపు రంగు వేయాలా ఆకుపచ్చ వేయాలా అని చెప్పే గీత ఆ పట్టికలో లేదు. ఐస్‌లాండ్ గీతతో అది తప్పు, ప్రపంచ ఆరోగ్య సంస్థ గీతతో ఒప్పు. ఎంత మంచి కోడ్ రాసినా ఆ గీత కోడ్‌లోంచి రాదు. జనం కూర్చుని నిర్ణయించుకోవాలి.

భూతాప విద్యుత్‌ని నేను వద్దనడం లేదు. బొగ్గుతో పోలిస్తే దీనివైపే ఉంటాను. అందుకే దీని లెక్క ఇంకా నిజాయితీగా ఉండాలనుకుంటున్నాను. ఫైనల్ రివ్యూలో మ్యాప్ రంగులు తీసేశాను. బదులుగా ఒక పట్టిక పెట్టాను: ఏడాదిలో అతి చెడ్డ పది రోజులు, ఒక్కో రోజు గాఢత ఎంత, అప్పుడు గాలి ఎలా ఉంది, నా అంకె ఎన్ని రెట్లు తప్పు కావచ్చు. సార్ ఏమీ అనలేదు, మార్కులు మాత్రం పర్లేదు.

వేసవి సెలవుల్లో అమ్మమ్మకి మళ్ళీ చెప్పాను. నేను చెప్పింది తప్పని, నీళ్ళతో పాటు వాసన గ్యాస్ కూడా వస్తుందని, పగిడేరు లాంటి చిన్నదాంట్లో నీళ్ళు బయటికి వదలకపోతే భయం లేదని, పెద్దవి కడితే మాత్రం చలికాలం రాత్రులు చూసుకోవాలని. ఐస్‌లాండ్ గురించి, గోలీ సోడా గురించి కూడా చెప్పాను. గోలీ సోడా దగ్గర నవ్వింది.

"మరి పెద్దది కడితే ఊరికి ఎటుపక్క కడ్తరు?" అంది.

నాకు ఇది తట్టడానికి ఒక సెమిస్టర్, ఒక బగ్, ఒక రివ్యూ పట్టాయి. "చలికాలం తెల్లారుజామున ఇక్కడ గాలి ఎటు నుంచి వస్తది అమ్మమ్మా?" అని అడిగి, నోట్‌బుక్ తెరిచాను.